చీపురు పుల్లలు, మెట్రో గీత

ఉప్పల్‌లో మూడో తరగతి టీచరుగా కొత్తగా చేరాననీ, 38 మంది పిల్లలనీ, చార్టులకూ థర్మకోల్‌కూ సొంత డబ్బు పోస్తున్నా లెక్కలు రావడం లేదనీ, ఏ ఆటలు ఆడించాలో చెప్పమనీ అడిగారు. ముందు ఆ థర్మకోల్ కొనడం మానండి. ఇదే నగరంలో 14 ఏళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. మొదటి రెండేళ్లు నా జీతం కూడా రంగు కాగితాల పాలే అయింది.

ఆటలు వెతికే ముందు పిల్లల నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. ఒకే తప్పు పదిమంది దగ్గర కనిపిస్తే, ఆట దానికోసం కట్టాలి. మా తరగతిలో "నూట ఐదు" అంటే చాలామంది 1005 అని రాసేవారు. నూరు రాసి పక్కన ఐదు పెట్టారు, విన్నది విన్నట్టే. దీనికి నాకు పనికొచ్చినవి కొబ్బరి చీపురు పుల్లలు. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలు కలిపి ఒక మోపు. నూట ఐదుకు ఒక మోపు, ఐదు విడిపుల్లలు బల్ల మీద పెట్టాలి. మధ్యలో కట్టల చోటు ఖాళీగా మిగులుతుంది. అక్కడ ఏమి రాయాలో అడిగి నోరు మూసుకోండి. ఈ నోరు మూసుకోవడమే అన్నిటికంటే కష్టం, నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. తీసివేతలో పక్క అంకెను అప్పు అడగడం అంటే రబ్బరు బ్యాండు విప్పడమే. ఒక పిల్లవాడు కట్ట విప్పనే విప్పనన్నాడు: "మళ్లీ ఎవరు కడతారు టీచర్?"

ఇరవై నాలుగును 42 అని రాసే పిల్లలుంటే మందలించకండి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కోండి. ఉర్దూ, హిందీల్లో "చౌబీస్" అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది, ఇరవై తరువాత. తెలుగులో ఇరవై ముందు. హైదరాబాద్ తరగతి గదిలో ఈ రెండు చెవులూ పక్కపక్కనే కూర్చుంటాయి. అదే సంఖ్యను ఇంటి భాషలో ఒకరు, తెలుగులో ఒకరు చెప్పి పుల్లలు పెట్టమంటే తేడా వాళ్లే పట్టుకుంటారు.

ఇంకొక తప్పు. 8లోంచి 3 తీసేయమంటే "8, 7, 6" అని వేళ్లు ముడిచి 6 అంటారు. దీనికి వరండాలో సుద్దముక్కతో మెట్రో గీత గీయండి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా 23 స్టేషన్లు, మీ పిల్లలకు సగం పేర్లు నోటికి వచ్చే ఉంటాయి. ఉప్పల్‌లో ఎక్కి తార్నాకలో దిగాలంటే ఎన్ని స్టేషన్లు ముందుకు వెళ్లాలి? ఐదు అంటారు, ఉప్పల్‌ను కూడా లెక్కబెట్టి. అప్పుడు గెంతించండి: స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక. నాలుగే గెంతులు. నిలబడ్డ చోటు లెక్కలోకి రాదని కాళ్లకు తెలిసిన తరువాత వేళ్లకు చెప్పడం తేలిక. ఇప్పుడు ఎనిమిదో స్టేషన్‌లో నిలబెట్టి మూడు గెంతులు వెనక్కి వేయించండి.

అందరూ చెప్పే దుకాణం ఆట నా దగ్గర బోల్తా పడింది. ఖాళీ డబ్బాలు పేర్చాను, కాగితం నోట్లు కత్తిరించాను. గడుసు పిల్లలు ఇద్దరు గల్లాపెట్టె దగ్గర చేరారు, మిగతావాళ్లు పీరియడ్ అంతా వరుసలో నిలబడ్డారు. ఆడాలనుకుంటే ఒక్క దుకాణం కాదు, ఆరు పెట్టండి.

పుల్లలు పంచడానికే పావుగంట పోతుంది కాబట్టి ఆరుగురికొక గుడ్డసంచి ఇచ్చి, లెక్కబెట్టి తిరిగి వేసే పని కూడా వాళ్లకే అప్పగించండి. రబ్బరు బ్యాండ్లు మాత్రం రెండింతలు కొనండి. సగం మొదటి వారంలోనే మాయమవుతాయి.