నాన్న తాగుడు గురించి దరఖాస్తులో రాయాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్న కౌలు రైతు. 2012లో నీలం తుపాను వానలకు కోతకొచ్చిన చేను మునిగిపోయింది. అప్పులు, ఆపైన తాగుడు. నాకు పన్నెండేళ్లప్పుడు కాలేయం చెడిపోయి కాకినాడ పెద్దాసుపత్రిలో పోయారు. తరవాత మేనమామ సాయంతో అమ్మా నేనూ అమెరికా వచ్చి స్థిరపడ్డాం. ఇప్పుడు ఇక్కడి మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెడుతున్నాను. నాన్న గురించి రాస్తానంటే, ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని అమ్మ ఏడుస్తోంది. డిగ్రీ రెండో ఏడాది డిప్రెషన్ వల్ల ఒక సెమిస్టరు మానేశాను. అదీ చెప్పాలా?

జవాబు: రెండో ప్రశ్న తేలిక, ముందు దాని సంగతి చూద్దాం. కాలేజీ మీమీద క్రమశిక్షణ చర్య తీసుకున్నా, కోర్టులో శిక్ష పడినా దాచకూడదు. దాస్తే వచ్చిన సీటు కూడా పోవచ్చు. జబ్బు అలాంటిది కాదు. సీటు ఇవ్వకముందు వైకల్యం గురించి (డిప్రెషన్ కూడా అందులోకి రావచ్చు) ఆరా తీయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. సెమిస్టరు ఎందుకు పోయిందని అడిగితే, ‘ఆరోగ్యం బాగాలేక ఆగాను, చికిత్స తీసుకుని మళ్లీ చేరాను’ అనండి. అది పూర్తి నిజం. రాసిన ప్రతి మాట మీదా ఇంటర్వ్యూలో ప్రశ్న రావచ్చు. కొత్తవారి ముందు గొంతు పూడుకుపోకుండా చెప్పగలిగిందే రాయండి.

ఇక నాన్నగారు. చాలా మెడికల్ కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు (AMCAS)లో ప్రధాన వ్యాసానికి ఉన్న చోటు 5,300 అక్షరాలు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో అందులో చెప్పాలి. బతుకులో ఎదురైన కష్టాల కోసం విడిగా 1,325 అక్షరాల ప్రశ్న ఉంది, అదీ ఇష్టమైతేనే. తాగుడు మాట చెప్పి తీరాలని ఎక్కడా లేదు. ‘కాలేయ జబ్బుతో పోయారు’ అంటే అబద్ధమాడినట్టు కాదు.

మీ ఉత్తరం చివర ఒక సంగతి రాశారు. వార్డులో నాన్న పొట్టలోంచి నీరు తీస్తుంటే మీరు మంచం పక్కనే ఉన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, ఉప్పు ఎంత వేయాలో, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో అమ్మకు చెప్పి, మళ్లీ అమ్మ చేతే చెప్పించింది. చదువురాని మనిషికి అంత ఓపికగా చెప్పడం మీరు పన్నెండేళ్ల వయసులో చూశారు. నాకైతే మీ వ్యాసం అక్కడే మొదలవుతుందనిపించింది.

అమ్మ మాటను మాత్రం పాతకాలపు భయమని తీసిపారేయకండి. కాలేజీవాళ్లకు పంపిన కాగితం అంబాజీపేట దాకా రాదన్నది నిజమే. కానీ ఆ ఏళ్లు ఎక్కువగా మోసింది ఆవిడ. గుమ్మంలో అప్పులవాళ్లకు జవాబు చెప్పింది ఆవిడ. భర్త ‘తాగుబోతు’గా మిగిలిపోతాడని ఆమె దుఃఖం. చేను పోతే పరిహారం భూమిగల ఆసామి పేరున వెళ్లి, కౌలుదారుకు అప్పు మాత్రమే మిగలడం గోదావరి పల్లెల్లో ఎంతమందికి జరగలేదు! నాన్న గురించి రాయదలిస్తే ఆ ముంపు నుంచి రాయండి.

రాసింది తెలుగులో అమ్మకు చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెడితే ఆ వాక్యం తీసేయండి, వాదించకండి. అంతకంటే ముందు, ఆ రోజు డాక్టరమ్మ ఇంకేం చెప్పిందో అడగండి. ఆవిడకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.