ఆ మూడు రోజుల వడ్డీ ఎవరిది?

న్యాయ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ష్రూస్‌బరీలో ఇల్లు కొనుక్కున్నారు. రిజిస్ట్రేషనుకు మూడు రోజుల ముందు 40,000 డాలర్లు అక్కడి లాయరు ఖాతాకు పంపారు. ఆ ఖాతా మీద వచ్చే వడ్డీ మాకు రాదట, లాయర్ల ధర్మసంస్థలకు పోతుందట. మా డబ్బు మీద వడ్డీతో వాళ్ళు దానం చేయడమేమిటి? ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ ఉత్తరం చదవగానే 'అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు' అన్న సామెత గుర్తుకు వచ్చింది. అయితే ముందుగా ఆ వడ్డీ ఎంతో లెక్క కట్టి చూద్దాం. ఏడాదికి ఒక శాతం చొప్పున 40,000 డాలర్లకు మూడు రోజులకు వచ్చేది 3 డాలర్ల 29 సెంట్లు. ఆ మాత్రానికి మీ అల్లుడి పేరిట విడిగా ఖాతా తెరిచి, పన్ను కాగితాలు పంపి, మళ్ళీ దాన్ని మూసివేయడానికయ్యే ఖర్చు ఆ వడ్డీ కంటే ఎక్కువ. అందుకే వెనకటి రోజుల్లో లాయర్లు అందరి సొమ్మునూ కలిపి వడ్డీ లేని ఖాతాలో ఉంచేవారు. లాయరు తన కక్షిదారు సొమ్ము మీద లాభం తీసుకోకూడదన్నది వృత్తి నియమం కనుక ఆ సొమ్ము వల్ల కలిగే లాభమంతా బ్యాంకుకే మిగిలేది. అంటే ఇప్పుడు ధర్మసంస్థలకు వెళ్తున్నది పూర్వం మీ అల్లుడి వంటివారికి చేరిన సొమ్ము కాదు, బ్యాంకుల దగ్గర ఉండిపోయిన సొమ్ము.

ఈ చిల్లర వడ్డీలన్నింటినీ ఒకచోట చేర్చి, సివిల్ వ్యవహారాలలో పేదలకు లాయరును సమకూర్చే సంస్థలకు ఇవ్వాలన్న ఆలోచన మొదట ఆస్ట్రేలియా, కెనడాలలో అమలయింది. అమెరికాలో 1981లో ఫ్లోరిడా దీనికి నాంది పలికింది. నేడు యాభై రాష్ట్రాలలోనూ ఈ పద్ధతి ఉంది. అక్కడివారు దీన్ని 'ఐయోల్టా' అంటారు, లాయర్ల ట్రస్టు ఖాతాల మీద వడ్డీ అన్న ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలు. సొమ్ము పెద్దదైనా, ఎక్కువ కాలం ఉండేదైనా, ఖర్చులు పోను కక్షిదారుకు ఏమైనా మిగిలేటట్లుంటే లాయరు దానికి వేరే ఖాతా తెరవాలి, ఆ వడ్డీ కక్షిదారుదే.

'ఇది న్యాయమేనా' అన్న మీ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ వడ్డీ కక్షిదారు ఆస్తేనని 1998లో ఒక టెక్సాస్ కేసులో కోర్టు చెప్పడంతో ఈ ఏర్పాటు కూలిపోతుందనే చాలామంది అనుకున్నారు. తరువాత వాషింగ్టన్ రాష్ట్రంలో మీ అల్లుడి లాగే స్థిరాస్తి కొనుగోలు కోసం సొమ్ము కట్టిన ఇద్దరు మళ్ళీ కోర్టుకెక్కారు. 2003లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో కోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. ప్రజాప్రయోజనానికి ఆస్తి తీసుకుంటే యజమాని నష్టపోయినంత పరిహారం ఇవ్వాలి; ఇక్కడ యజమాని నష్టం సున్నా కనుక పరిహారమూ సున్నాయేనన్నది ఆ తీర్పు సారం. నలుగురు ఒప్పుకోలేదంటే మీ అనుమానం అల్లాటప్పాది కాదన్నమాట. అయినా నాకు మాత్రం అయిదుగురి మాటే సమంజసంగా తోస్తుంది.

ఇక ఆ సొమ్ము ఎటు పోతుందో చూద్దాం. మసాచుసెట్స్‌లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం నియమించిన కమిటీ దాన్ని మూడు సంస్థలకు పంచుతుంది. ఎక్కువ భాగం శాసనసభ 1983లో నెలకొల్పిన మసాచుసెట్స్ లీగల్ అసిస్టెన్స్ కార్పొరేషన్‌కు, మిగిలినది లాయర్ల ధర్మసంస్థలైన మసాచుసెట్స్ బార్ ఫౌండేషన్‌కు, బోస్టన్ బార్ ఫౌండేషన్‌కు చేరుతుంది. ఫౌండేషన్లు స్వయంగా కేసులు నడపవు. దరఖాస్తు పెట్టుకున్న న్యాయసహాయ సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి, ఆ సొమ్ముతో ఏం చేశారో లెక్క అడుగుతాయి. లాయర్లు తమ జేబులోంచి ఇచ్చే విరాళాలూ వీటికి తోడవుతాయి. అద్దె బకాయిపడి ఇల్లు ఖాళీ చేయాలన్న నోటీసుతో ఒక తల్లి హౌసింగ్ కోర్టుకు వెళ్ళిందనుకోండి. ఇంటి యజమాని తరఫున లాయరు ఉంటాడు, ఆమె తరఫున ఎవరూ ఉండరు. అక్కడే బల్ల వేసుకుని కూర్చున్న న్యాయసహాయ లాయరు ఆ పూటకు ఆమె పక్కన నిలబడి, బకాయి వాయిదాలలో కట్టేటట్లు ఒప్పందం కుదర్చగలుగుతాడు. ఆ లాయరు జీతంలో మీ అల్లుడి 3 డాలర్ల 29 సెంట్లు కూడా ఉండవచ్చు.

క్రిమినల్ కేసుల్లో పేద ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని 1963లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు పోతున్నా, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న తగవు వచ్చినా అటువంటి సాధారణ హక్కు లేదు. 1974లో ఏర్పడిన లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ ద్వారా కేంద్ర నిధులు వస్తున్నా అవి ఏ మూలకూ చాలవు. పేదల ముఖ్యమైన సివిల్ సమస్యలలో 92 శాతానికి సహాయం అసలు అందడం లేదనో, చాలినంత అందడం లేదనో ఆ సంస్థే 2022లో ప్రకటించింది.

ఈ వడ్డీ ఏర్పాటులో ఒక పెద్ద లోపం ఉంది. దేశం కష్టకాలంలో ఉన్నప్పుడే ఈ బావి ఎండిపోతుంది. 2008లో ఇళ్ళ అమ్మకాలు పడిపోయి లాయర్ల ఖాతాలలో సొమ్ము తగ్గింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు వడ్డీ రేటును దాదాపు సున్నాకు దించి, 2015 డిసెంబరు దాకా అక్కడే ఉంచింది. సరిగ్గా ఆ కాలంలోనే అప్పు తీర్చలేక ఇళ్ళు పోగొట్టుకునేవారు కోర్టుల ముందు బారులు తీరారు. 2020లో రేటు మళ్ళీ దాదాపు సున్నాకు చేరింది. మంచి రోజుల్లో వచ్చిన దానిలో కొంత నిల్వ పెట్టుకున్న ఫౌండేషన్లు కొంతవరకు తట్టుకోగలవు, లేనివి గ్రాంట్లు కోసేయక తప్పదు.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, వరంగల్

సమాధానం: మన దగ్గర ఇల్లు కొనేవారి సొమ్ము చెక్కు రూపంలోనో డీడీ రూపంలోనో నేరుగా అమ్మేవారికి చేరుతుంది తప్ప లాయరు ఖాతాలో మజిలీ చేయదు. ఇక న్యాయసహాయమంటారా, 1987 నాటి చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఆ పని చూస్తాయి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తాయి. ఫోను నంబరు 15100. న్యాయసహాయానికి నిధి పెట్టుకునే అధికారం న్యాయవాదుల చట్టం రాష్ట్ర బార్ కౌన్సిళ్ళకూ ఇచ్చింది. దాన్ని ఎంతవరకు వాడుకుంటున్నాయో మీలాంటి విద్యార్థులు అడగాలి.

ప్రశ్న: మా చెల్లెలి కూతురు భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాలో ఉంది. భర్త కొట్టి బయటికి పంపేశాడు. చేతిలో డబ్బు లేదు. బార్ ఫౌండేషన్‌కు ఉత్తరం రాయమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: వద్దమ్మా. ఫౌండేషన్ కేసులు తీసుకోదు. ఆమె ఉన్న ఊరికి సేవలందించే న్యాయసహాయ సంస్థకు ఆమే ఫోను చేయాలి. లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ వెబ్‌సైటులో ఇంటి పిన్‌కోడు కొడితే ఆ సంస్థ పేరు వస్తుంది. కేంద్ర నిధులు తీసుకునే సంస్థలు హెచ్-4 వారి కేసులను మామూలుగా చేపట్టకూడదు, కానీ గృహహింసకు గురైనవారికి మినహాయింపు ఉంది. అందువల్ల కొట్టిన సంగతిని సిగ్గుపడి దాచకుండా మొదటి ఫోనులోనే చెప్పాలి. 'మీ ఇంటి ఆదాయమెంత' అని అడిగితే భర్త జీతం చెప్పి ఊరుకోకూడదు. హింసించిన వాడి ఆదాయాన్ని ఆమె లెక్కలో కలపరాదని నిబంధన ఉంది, కనుక ఆ జీతం తన చేతికి రావడం లేదని వివరించాలి. ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటే తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని అడగవచ్చు. అక్కడ కాదంటే, కేంద్ర నిధులు ముట్టకుండా ఈ వడ్డీ సొమ్ముతోనూ విరాళాలతోనూ నడిచే సంస్థ దగ్గరలో ఏదైనా ఉందా అని వాళ్ళనే అడగమనండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్టు భర్త దగ్గరే ఉండిపోతే ఆ మాట కూడా లాయరుతో ముందే చెప్పాలి. ప్రాణభయం ఉంటే ఇవేవీ ఆలోచించకుండా ముందు 911కు ఫోను చేయమనండి.