కుకీ, ఫోన్ నంబర్, ఈమెయిల్: ఇవన్నీ ఒకే కస్టమర్‌వని ఎప్పుడు తేల్చాలి?

వెబ్‌సైట్ కుకీ (బ్రౌజర్‌ను గుర్తుపట్టడానికి సైట్ అందులో దాచే చిన్న గుర్తు), యాప్ డివైస్ ఐడీ, దుకాణం బిల్లులోని ఫోన్ నంబర్, లాయల్టీ ఖాతా ఈమెయిల్, వీటిలో ఏ రెండు ఒకే ఈవెంట్‌లో (క్లిక్, లాగిన్, కొనుగోలు వంటి ఒక్కో నమోదులో) కనిపించినా ఒకే మనిషివిగా కలుపుతూ పోయారనీ, చివరకు ఒక్క ప్రొఫైల్‌లో వేల మంది చేరిపోయారనీ మీరు రాశారు, దీన్ని ఎలా సరిచేయాలని అడిగారు. హైదరాబాద్‌లోని ఒక రిటైల్ సంస్థ డేటా బృందంలో ఇదే పని చేశాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ పెద్ద ప్రొఫైల్‌నే తెరిచి, అందులో అత్యధిక ఐడీలతో ముడిపడిన విలువ ఏదో చూడండి. చాలాసార్లు అది అసలు మనిషికి చెందినదే కాదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కస్టమర్ నంబర్ చెప్పకపోతే, వెనుక క్యూ పెరుగుతుంటే, క్యాషియర్ పది తొమ్మిదులు కొట్టేస్తాడు, లేదా తన సొంత నంబరే వేస్తాడు; ఆ పాయింట్లు ఎవరికి చేరతాయన్నది వేరే కథ. మా యాప్ పాత వెర్షన్ అయితే లాగిన్ కాని వారందరికీ యూజర్ ఐడీగా సున్నా పంపేది. ఒకటి రెండోదానితో, రెండోది మూడోదానితో కలిస్తే మొదటిదీ మూడోదీ ఒకటేనన్నది మీ పద్ధతి కాబట్టి, ఇటువంటి విలువ ఒక్కటి చాలు, సంబంధం లేని కుటుంబాలన్నీ ఒకే గుంపులో పడడానికి. తెలిసిన దొంగ విలువలను నిషేధిత జాబితాలో పెట్టండి. దానితో పాటు, ఒక ఫోన్ నంబర్ పరిమితికి మించిన ఖాతాలతో కనిపిస్తే దానిని కలపడానికి వాడకూడదన్న నియమం కూడా పెట్టండి. ఆ పరిమితి ఎంతన్నది మీ డేటాలో ఒక్కో నంబర్‌కు ఎన్ని ఖాతాలున్నాయో లెక్కగట్టి నిర్ణయించాలి.

ఫోన్ నంబర్ ముందున్న 91, సున్నా, మధ్యలోని ఖాళీలు తీసేసి ఒకే రూపానికి తేవడం అందరూ చేసేదే. జీమెయిల్ చిరునామాల్లోని చుక్కలను మాత్రం పట్టించుకోనక్కరలేదు, ఇతర మెయిల్ సేవలకు ఆ సూత్రం వర్తింపజేయకండి.

అసలు చిక్కు నిజమైన నంబర్లతోనే. మన ఇళ్లలో అమ్మ, నాన్న, కొడుకు ఎవరు కొన్నా పాయింట్ల కోసం ఒకే నంబర్ చెబుతారు. అంటే బిల్లులోని నంబర్ ఇంటిని సూచిస్తుందే తప్ప మనిషిని కాదు. అందుకే మేము ఇంటికొక ఐడీ, వ్యక్తికొక ఐడీ విడివిడిగా పెట్టి, దుకాణం బిల్లులను ఇంటి ఐడీకి, ఓటీపీతో జరిగిన యాప్ లాగిన్‌లను వ్యక్తి ఐడీకి చేర్చాము. పేరుతో తేల్చుకోవచ్చనుకుంటే, ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరంగా, మరోచోట చివర పూర్తిగా ఉంటుంది, లక్ష్మి అన్న పేరునే ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు. 1969లో ఫెలెగి, సంటర్ అనే గణాంక శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది: అరుదైన పేరు కలిస్తే ఎక్కువ బరువు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ బరువు ఇచ్చి, మొత్తాన్ని బట్టి నిర్ణయించాలి.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మన దేశంలో రద్దయిన మొబైల్ నంబర్ కనీసం 90 రోజుల తరువాత మరొకరికి వెళ్లవచ్చు, కాబట్టి ఒక ఐడీని ఒక కస్టమర్‌తో కలిపే ప్రతి లంకెకూ మొదట కనిపించిన తేదీ, చివర కనిపించిన తేదీ ఉండాలి. లాగిన్‌కు ముందు జరిగిన అనామక ఈవెంట్లను ఆ తరువాత లాగిన్ అయిన వ్యక్తికి చేర్చేటప్పుడు, అదే పరికరంలో అంతకుముందు జరిగిన లాగౌట్ దగ్గరే ఆగాలి. లాగౌట్ కాగానే అనామక ఐడీని మార్చమని యాప్ బృందానికి చెప్పండి. సఫారీ బ్రౌజర్ జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీలను ఏడు రోజులకు మించి ఉంచదు, కాబట్టి అక్కడ ఒకే మనిషి పలు కుకీలుగా కనిపించడం సహజం.

వీటన్నిటికంటే నేను పట్టుబట్టేది ఒకటుంది: ఈవెంట్ టేబుల్‌లోని ఐడీలను ఎన్నడూ తిరగరాయకండి. ఏ ఐడీ, ఏ కస్టమర్, ఏ ఆధారంతో, ఎప్పటి నుంచి అన్నది వేరే టేబుల్‌లో ఉంచి, చదివేటప్పుడు మాత్రమే కలపండి. అప్పుడు తప్పు లంకెను ఒక్క వరుస తీసేసి విడదీయవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం డేటాను తొలగించమని కోరే హక్కు ఇచ్చింది. ఇద్దరిని ఒకరిగా కలిపేస్తే ఒకరు అడిగినందుకు మరొకరి చరిత్ర చెరిగిపోతుంది. విడిపోయిన ప్రొఫైల్ వల్ల ఒక కూపన్ రెండుసార్లు వెళ్తుంది, అంతే. అందుకే అంచనాతో కలిపిన లంకెలను నివేదికల్లోని లెక్కలకే వాడండి. ఆర్డర్ల చరిత్ర చూపడానికీ, సందేశాలు పంపడానికీ ఓటీపీతో రుజువైన లంకెలను మాత్రమే నమ్మండి.