వాగు నీళ్లలో మందు జాడ వెతకడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. పురుగుమందులు విడిపోయాక మిగిలే పదార్థాలను వాగుల్లో కనిపెట్టే పని నేర్చుకుంటానంటోంది. ఇంత చిన్న విషయం పట్టుకుంటే రేపు ఉద్యోగం దొరుకుతుందా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: వినడానికి ఇరుకుగా అనిపించినా, ఈ పనిలో చేతికొచ్చే నైపుణ్యం చాలా చోట్ల పనికొస్తుందండీ. అసలు పని ఏమిటో ముందు చెప్తాను.

పొలంలో చల్లిన మందు అలాగే ఉండిపోదు. ఎండ, నీరు, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొడతాయి. విడిపోయినంత మాత్రాన పీడ వదిలినట్టు కాదు. డీడీటీ నుంచి వచ్చే డీడీఈ దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు నుంచి పుట్టే ఆక్సాన్ అనే పదార్థం అసలు మందు కన్నా విషం. మెటోలాక్లోర్ అనే కలుపుమందు నుంచి వచ్చే ఆమ్లాలు మట్టికి అంటుకోకుండా నీటితో పాటు జారిపోతాయి. ల్యాబ్‌లో అసలు మందు కోసమే వెతికితే 'ఏమీ లేదు' అని రిపోర్టు వస్తుంది. దాని పిల్లలు మాత్రం నీళ్లలోనే ఉంటాయి. ఏం వెతకాలో ముందే ఊహించగలగడమే ఇందులో అసలైన విద్య.

అట్రజిన్ అనే కలుపుమందునే తీసుకోండి. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో అది 216 దగ్గర కనిపిస్తుంది. సూక్ష్మజీవులు దాని అణువులో ఇథైల్ గుంపు అనే చిన్న ముక్కను తీసేస్తే 28 తగ్గి 188 దగ్గర తేలుతుంది. యంత్రం లోపల ఈ రెండింటినీ విరగ్గొడితే 216 కాస్తా 174, 188 కాస్తా 146 అవుతాయి. రెండుచోట్లా తగ్గింది 42. ఐసోప్రొపైల్ గుంపు అనే ఇంకో ముక్క విరిగితే తగ్గే బరువు అదే, అంటే ఆ ముక్క రెండింట్లోనూ మిగిలే ఉందన్నమాట! ఈ లెక్క మీ అమ్మాయికి చూపించండి. ముచ్చటపడి ఇంకోటి అడిగితే, ఈ దారి తనకు నప్పుతుందనే నా నమ్మకం. చిక్కుముడులూ ఉన్నాయి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు నుంచి వచ్చే ఆంపా అనే పదార్థం, డిటర్జెంట్లలో వాడే ఫాస్ఫోనేట్లు అనే రసాయనాల నుంచి కూడా వస్తుంది. వాగులో అది దొరికితే పొలానిదా, మురుగునీటిదా అన్నది తేల్చాలి.

పనంతా ఏసీ గదిలో ఉండదు. మందు చల్లాక పడే మొదటి పెద్ద వానకే వాగులోకి ఎక్కువ మందు కొట్టుకొస్తుంది, కాబట్టి ఆ వానలోనే వెళ్లాలి. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, అడుగు మట్టి కదపకుండా ముదురు రంగు గాజు సీసా నింపి ఐసు పెట్టెలో పెట్టాలి. శుద్ధమైన నీళ్లున్న ఇంకో సీసాను కూడా అక్కడే తెరిచి మూస్తారు. దీన్ని ఫీల్డ్ బ్లాంక్ అంటారు. అందులోనూ మందు కనిపించిందంటే ఆ రోజు ఫలితాలను అనుమానించాల్సిందే. లీటరుకు నానోగ్రాముల్లో కొలిచే చోట గ్లవ్స్ మీది మరక కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక ఉద్యోగాలు. తాగునీటి ల్యాబులు, ఆహార పరీక్షా కేంద్రాలు, కాలుష్య నియంత్రణ సంస్థలు, పరికరాల కంపెనీలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. పురుగుమందుల కంపెనీలకూ అవసరమే, ఎందుకంటే రిజిస్ట్రేషన్‌కి ముందు మందు ఏమేం పదార్థాలుగా మారుతుందో అవి చూపించాలి. యూరోపియన్ యూనియన్‌లో తాగునీటిలో ఒక్కో పురుగుమందుకు హద్దు లీటరుకు 0.1 మైక్రోగ్రాము. ముఖ్యమైన విచ్ఛిన్న పదార్థాలకూ అదే హద్దు. ఇలాంటి నిబంధన ఉన్నచోట పరీక్షలు ఆగవు.

కష్టం కూడా దాచకుండా చెప్తాను. చాలా రోజులు సీసాలు కడగడం, నీళ్లు వడగట్టడం, మందు జాడను పట్టి ఉంచే చిన్న కార్ట్రిడ్జ్‌ల గుండా చుక్క చుక్కగా పంపడంతోనే గడుస్తాయి. ఓపిక లేనివాళ్లు ఏడాదిలో మానేస్తారు. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి.

అందుకే ఇప్పుడే ఏదీ తేల్చేయకండి. రాబోయే సెలవుల్లో నీటి పరీక్షలు చేసే ఏదైనా ల్యాబ్‌లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. యంత్రం దగ్గరే కాకుండా శాంపిల్ తయారీ బల్ల దగ్గర కూడా కూర్చోమనండి. తిరిగొచ్చాక కూడా ఇదే కావాలంటే, మాస్టర్స్‌లో అనలిటికల్ కెమిస్ట్రీ తీసుకోవాలి, ఆర్గానిక్‌ను మాత్రం వదలకూడదు. కాస్త స్టాటిస్టిక్స్ కూడా ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి.