మీవాడు అరెస్ట్ అయ్యాడని ఫోన్ చేశారు

ప్రశ్న: కార్డియాక్ అరెస్ట్, ఫాల్ అరెస్ట్ (ఎత్తు నుంచి పడేవాణ్ణి బెల్టు, తాడు ఆపడం), పోలీసులు చేసే అరెస్ట్... అన్నిటికీ ఒకే మాట ఎందుకు?

అన్నిటికీ అర్థం 'ఆపడం' కాబట్టి. జవాబు అంతే. కానీ ఈ మాట వల్ల ఒక పెద్దాయన పొలం పాసుపుస్తకం చంకలో పెట్టుకుని శ్రీకాకుళం జిల్లా నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేను అక్కడ సేఫ్టీ చూసేవాణ్ణి. సైట్‌లో సేఫ్టీవాడంటే ఎవరికీ పడదు. మేస్త్రీకి పని ఆలస్యం, కంట్రాక్టర్‌కి ఖర్చు, కూలీకి ఉక్కపోత. నన్ను చూడగానే బెల్టు హుక్కు తగిలించడం, నేను అటు తిరగగానే తీసేయడం. ఆ రోజు బరువైన సామాను పైకెత్తి బిగించే ఒక రిగ్గర్ దగ్గర హెల్పర్‌గా పని చేసే కుర్రాడు 14 మీటర్ల ఎత్తున పైపుల వరస మీద నడుస్తున్నాడు. కాలి కింద పలక బిగించలేదు. అది జారింది.

నాకు మొదట కనబడింది కిందికి వస్తున్న హెల్మెట్. గడ్డం కింద పట్టీ పెట్టుకోరు కదా! దాని వెనకే పైనుంచి చర్రుమని శబ్దం, గోనెసంచి కుట్లు ఒక్కసారిగా లాగేసినట్టు. తల ఎత్తి చూస్తే కుర్రాడు గాల్లో వేలాడుతున్నాడు.

ఆ చర్రుమన్నది షాక్ అబ్జార్బర్. భుజాలకీ తొడలకీ తగిలించుకునే బెల్టుకీ తాడుకీ మధ్య మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. బరువు పడగానే కుట్లు ఒకటొకటిగా తెగుతూ, దెబ్బంతా ఒంటికి తగలకుండా ఆ విసురును తాము మింగుతాయి. తాడు పొడవు 1.8 మీటర్లు. అంత ఎత్తు నుంచి పడేసరికే మనిషి వేగం గంటకు 21 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వేగాన్ని ఒక్క కుదుపులో ఆపితే నడుం మిగలదు. అందుకే అమెరికాలో ఇలా పడేవాణ్ణి ఆపడానికి ఒట్టి నడుం బెల్టు వాడకూడదని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. మన దగ్గర బిల్డింగులకు రంగులేసేవాళ్ల నడుముకు ఏం కట్టి ఉంటుందో ఈసారి గమనించండి. చాలాచోట్ల అదే నడుం బెల్టు, ఇంకొన్నిచోట్ల అదీ ఉండదు.

సరే, కుర్రాడు ఆగాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నాకు మాత్రం కాళ్లు వణుకుతున్నాయి. కదలకుండా వేలాడితే తొడల పట్టీలు నొక్కేసి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. "ఒరేయ్, కాళ్లాడించు! సైకిల్ తొక్కినట్టు తొక్కు!" అని కింద నుంచి అరిచాను. పాపం తొక్కాడు. మనుషుల్ని పైకెత్తే మ్యాన్‌లిఫ్టు వెళ్లి దించేసరికి 8 నిమిషాలు పట్టింది. అంతసేపూ గాల్లో సైకిలే.

సాయంత్రం రిపోర్టులో నేను 'ఫాల్ అరెస్ట్ – 1' అని రాశాను. మా టైమ్‌కీపర్ అది చదివి, ఇంటికి కబురు చెప్పడం మన బాధ్యత అనుకుని ఫోన్ చేశాడు. "మీవాడు అరెస్ట్ అయ్యాడు, కంగారేం లేదు, బాగానే ఉన్నాడు" అన్నాడట!

మర్నాడు పొద్దున గేటు దగ్గర తండ్రి, పక్కన ఊరి పెద్ద. అప్పటికే పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చారు. అక్కడ కానిస్టేబుల్ ఆ పేరుతో ఎవరూ లేరన్నాడని, ఎక్కడో దాచి కొడుతున్నారనుకుని ఇంకా భయపడ్డారు. జామీనుకి పనికొస్తుందని పాసుపుస్తకం తెచ్చుకున్నారు. "మావోడు ఏటి సేసినాడు బాబూ? దొంగతనమా, కొట్లాటా?" అని అడిగాడు ఆయన. లోపల కుర్రాడు ఉప్మా తింటున్నాడు.

అప్పటినుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ అరెస్ట్ అన్న మాట విన్నా, 'ఆపారు సరే, తర్వాత ఎంత టైముంది?' అని చూస్తాను. గుండె సంగతే తీసుకోండి. మన పేపర్లు అన్నిటికీ గుండెపోటు అని రాసి పారేస్తాయి. గుండెపోటులో గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతుంది. మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, నొప్పి అని చెప్తాడు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని కొట్టడమే ఆగిపోతుంది. మనిషి క్షణాల్లో కూలిపోతాడు, పిలిస్తే పలకడు. అప్పుడు నీళ్లు చల్లుతూ కూర్చోకూడదు. 108కి ఫోన్ కొట్టించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కుతూనే ఉండాలి. ఇది పదో తరగతిలో నేర్పించి మార్కులు వేయాలని నా వాదన. ఎవరు వింటారు?

పోలీసులకూ గడియారం ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, దారిలో పట్టే సమయం కాకుండా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. మరి మన వార్తలు? సోమవారం 'అదుపులోకి తీసుకున్నారు', గురువారం 'అరెస్ట్ చూపించారు'. ఈ 'చూపించారు' అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, మధ్యలో మూడు రోజుల్ని ఎంత సుఖంగా మింగేస్తుందో!

పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి కూర్చోబెట్టే డిజిటల్ అరెస్ట్ అనేదైతే అసలు లేదు. ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో ప్రధాని కూడా రేడియోలో అదే చెప్పారు. అయినా మా వీధిలో రిటైరైన మాస్టారు ఒకాయన రెండు రోజులు ఫోన్ కెమెరా ముందు నుంచి కదల్లేదు, భోజనం కూడా అక్కడే. మామూలు అరెస్ట్ ఎలా జరుగుతుందో ఆయనకు తెలిసి ఉంటే ఈ దొంగ అరెస్ట్‌కి బెదిరేవారు కాదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి.

బీఎస్సీ చదివిన మా అమ్మాయి మాత్రం నా గడియారం సిద్ధాంతం తప్పంటుంది. ఆడపిల్ల పుట్టకముందే ఆమె అండాలన్నీ విభజన మధ్యలో ఆగిపోయి ఉంటాయట. కొన్ని పన్నెండేళ్లకు కదిలితే, కొన్ని నలభై ఏళ్లు అలాగే కూర్చుంటాయి. దాన్నీ అరెస్ట్ అనే అంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఒకటి మర్చిపోయాను. ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్లీ వాడకూడదు, ముక్కలు చేసి పారేయాలి. నేను కత్తెరతో కోస్తుంటే ఆ తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత గట్టి తాడు, మా ఎద్దుకి కట్టుకుంతాను ఇయ్యండి బాబూ" అన్నాడు. ఒక మూర కోసి ఇచ్చాను. పాసుపుస్తకానికి చుట్టి కట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.