పాత జపాన్ బండి కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాను. మారతహళ్లిలోని ఆఫీసుకు రోజూ వెళ్లి రావడానికి పాత జపాన్ బండి ఒకటి కొనాలని ఉంది. యమహా ఆర్.ఎక్స్. 100 అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. స్నేహితులు హీరో హోండా సి.డి. 100 గానీ స్ప్లెండర్ గానీ తీసుకోమంటున్నారు. సుజుకి సమురాయ్ ఒకటి చవకగా వస్తోంది. ఏది తీసుకోవాలి? ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

సమాధానం: రోజూ ఆఫీసుకు వెళ్లి రావడమే అసలు అవసరమైతే హీరో హోండా తీసుకోండి. ఆర్.ఎక్స్. 100 మీద మీకున్న ఇష్టాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. 1985 చివర్లో మన దేశంలోకి వచ్చి 1996 వరకు తయారైన ఆ బండికి 98 సి.సి. టూ స్ట్రోక్ (పిస్టను రెండు కదలికల్లోనే ఒక విడత పని ముగించే) ఇంజను, 11 హార్స్ పవర్ శక్తి, సుమారు నూరు కిలోల బరువు. అంత తేలికైన బండికి అంత శక్తి ఉండడం వల్లనే బెంగళూరులో ఈనాటికీ దానికి ఇంత ఆదరణ. కానీ ఆ శక్తి ఇంజను బాగా వేగంగా తిరిగినప్పుడే బయటపడుతుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర నుంచి మహదేవపుర దాకా మొదటి రెండు గేర్లలోనే, సగం క్లచ్ మీద, ఆగుతూ కదులుతూ సాగే మీ ప్రయాణంలో అది ఎప్పుడో గానీ అక్కరకు రాదు.

పైగా టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి కలిసి సిలిండరులోకి వచ్చే సమయానికి పొగ బయటకు పోయే దారి కూడా తెరిచే ఉంటుంది కనుక, కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సరులోకి వెళ్లిపోతుంది. ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే కాలుతుంది. ఇంజను సరిగా వేడెక్కని నెమ్మది ప్రయాణాల్లో ఆ మసి స్పార్క్ ప్లగ్గుకూ, సైలెన్సరు లోపలి గొట్టానికీ పేరుకుంటుంది. ఇక ధర సంగతి. ఆర్.ఎక్స్. 100 ఇప్పుడు వాహనంగా కంటే అభిమాన వస్తువుగా అమ్ముడవుతోంది. చక్కగా తీర్చిదిద్దినవి లక్ష రూపాయలు దాటి పలుకుతున్నాయి. అంత పెట్టి కొన్న బండిని రోజంతా ఆఫీసు బయట వదిలి, దొంగల భయంతో పని చేసుకోవడం కష్టం.

హీరో హోండా సి.డి. 100 కూడా 1985లోనే వచ్చింది. దాని 97 సి.సి. ఫోర్ స్ట్రోక్ (నాలుగు కదలికల) ఇంజను శక్తిలో యమహాకు సాటి రాదు గానీ, తక్కువ వేగంలోనే ఒద్దికగా లాగుతుంది, సరిగా ఉన్న బండి నగరంలో కూడా లీటరుకు 50 కిలోమీటర్లకు పైగా ఇస్తుంది. 1994లో వచ్చిన స్ప్లెండరుదీ అదే ఇంజను వంశం. 2010 చివర్లో హీరో, హోండా విడిపోయిన తర్వాత కూడా ఆ వంశం ఆగలేదు కనుక పిస్టను, క్లచ్ ప్లేట్లు, కార్బొరేటరు, బ్రేక్ షూలు జె.సి. రోడ్డులోనే కాదు, మీ వీధి చివరి దుకాణంలో కూడా దొరుకుతాయి. పాత బండి కొనేవారికి ఇంతకంటే పెద్ద ఆసరా ఇంకొకటి లేదని నా అభిప్రాయం. సి.డి. 100, స్ప్లెండర్‌లలో ఒకటే ఎంచుకోమంటే స్ప్లెండరే ఎంచుకుంటాను. తొలి కాలపు చిన్న బండ్లలో కొన్నింటికి ఆరు వోల్టుల కరెంటే ఉండడం వల్ల రాత్రిపూట దీపం చాలదు.

సమురాయ్ మంచి బండే. మనకు దగ్గరలోని హోసూరులో తయారైనదే. అయితే దాన్ని కలిసి తయారు చేసిన టి.వి.ఎస్., సుజుకి 2001లో విడిపోయాక ఆ టూ స్ట్రోక్ బండ్ల అసలు విడిభాగాలు క్రమంగా అరుదైపోయాయి. చవకగా రావడానికి ముఖ్య కారణం అదే. కవాసాకి బజాజ్ బాక్సర్ మంచి స్థితిలో కనబడితే మాత్రం వదులుకోకండి.

బండిని చూడడానికి వెళ్లినప్పుడు ముందుగా సైలెన్సరు మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, స్టార్ట్ కావడంలో ఉన్న ఇబ్బంది మీకు కనబడకుండా ముందే తిప్పి ఉంచారేమోనని అనుమానించి, చల్లారాక మళ్లీ వస్తానని చెప్పండి. ఫోర్ స్ట్రోక్ బండి వేడెక్కాక కూడా నీలం పొగ వదులుతూ ఉంటే పిస్టను రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయని అర్థం. టూ స్ట్రోక్ బండికి కొద్దిపాటి పొగ సహజమే. కానీ దట్టంగా తెల్లటి పొగ వస్తూ, గేర్ ఆయిల్ ఉండి ఉండి తగ్గిపోతూ ఉంటే క్రాంక్ సీలు (గేర్ ఆయిల్‌ను ఇంజను లోపలికి రాకుండా ఆపే రబ్బరు అడ్డు) పోయి ఆ ఆయిల్ లోపలికి లాగుకుంటోందన్న మాట. సిలిండరును ఎన్నిసార్లు రీబోర్ చేశారో, అంటే అరిగిన లోపలి గోడను కోసి వెడల్పు చేశారో తప్పక అడగండి. సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ ఒక మిల్లీమీటరు దాకా పెద్ద పిస్టన్లు దొరుకుతాయి; చివరి కొలత కూడా అయిపోతే కొత్త స్లీవ్ (సిలిండరు లోపలి గొట్టం) వేయించక తప్పదు. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ దగ్గర టక్‌మనడం కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) అరుగుదలకు గుర్తు. రంగు నిగనిగలు చూసి ధర పెంచకండి. తుప్పు పట్టిన ఛాసిస్ మీద కూడా కొత్త రంగు అంతే మెరుస్తుంది.

ప్రశ్న: నెల్లూరులో ఉన్న మా మామయ్య తన 2003 స్ప్లెండరును నాకు ఇస్తానంటున్నారు. ఇంజను బాగానే ఉంది గానీ ఆర్.సి. గడువు ముగిసింది. దాన్ని తెచ్చి ఇక్కడ నడపవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

సమాధానం: ఈ స్థితిలో తీసుకురావద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు ఆర్.సి. 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. అందుకు బండిని ఆర్.టి.ఓ. కార్యాలయంలో స్వయంగా చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, దీపాలూ, ఇండికేటర్లూ, సైలెన్సరూ అసలు తీరులో ఉండాలి. ఈ పనంతా మామయ్యగారి పేరు మీద నెల్లూరులోనే ముగించి, ఆ తర్వాత ఫారం 28తో ఎన్.ఓ.సి. (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఇరవై ఏళ్లు దాటిన బండి కనుక దాని వివరాలు వాహన్ పోర్టల్‌లో (వాహనాల నమోదు వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటులో) ఎక్కాయో లేదో ముందే చూసుకోండి; ఎక్కకపోతే నమోదు చేసిన కార్యాలయంలోనే ఎక్కించాలి, ఇక్కడి నుంచి కుదరదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిపోవాలి. సొంతవాళ్ల బండే అయినా ఈ పరీక్ష మానవద్దు. ఎప్పుడో మరమ్మతులో ఇంజను కేసింగ్ మారి ఉండవచ్చు.

ఇతర రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే కర్ణాటక నంబరు తీసుకోవాలి. పన్ను బండి వయసును బట్టి తగ్గుతుంది. థర్డ్ పార్టీ బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండనిదే ఒక్క రోజు కూడా రోడ్డెక్కవద్దు. ఇంకొక చిన్న సంగతి. నెల్లూరు సముద్రమట్టానికి దగ్గర, బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి కొంచెం పలచన కావడం వల్ల అక్కడ సరిచేసిన కార్బొరేటరు ఇక్కడ పెట్రోలును కాస్త ఎక్కువ పాళ్లలో ఇస్తుంది. తేడా కొద్దిగానే ఉంటుంది గానీ, మెకానిక్ చేత ఒకసారి సరిచేయిస్తే మైలేజీ నిలుస్తుంది.

ప్రశ్న: నాన్నగారి ఆర్.ఎక్స్. 100ను అమ్మే ఉద్దేశం లేదు. ఇప్పటి పెట్రోలుతో దానికి ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, జయనగర్

సమాధానం: కొంత ఉంటుంది, జాగ్రత్త పడితే నెగ్గుకురావచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రకం రబ్బరును చెడగొడుతుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుచేత పెట్రోలు పైపునూ, కార్బొరేటరులోని ఓ-రింగులనూ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి. వారాల తరబడి నడపకుండా ఉంచవలసి వస్తే ట్యాంకులో నీరు చేరి తుప్పు పట్టకముందే పెట్రోలు తీసివేయించండి. టూ స్ట్రోక్ ఆయిల్ మంచి కంపెనీదే వాడండి, పాళ్లు తగ్గించి ఆదా చేయాలని చూస్తే పిస్టను పట్టేస్తుంది. ఆదివారం ఉదయం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కనకపుర రోడ్డు మీద కొంతసేపు నాలుగో గేరులో నడపండి. సైలెన్సరులో పేరుకున్న మసి చాలావరకు వదులుతుంది.