అపాచీ స్టార్ట్ అవ్వకపోతే పోర్టు మార్చి చూడు

తమ్ముడూ, గాజువాకలో ఇంటి కంప్యూటర్లోనే వర్డ్‌ప్రెస్ సైటు పెట్టుకుందామని ఎగ్జాంప్ (XAMPP, అపాచీ, మైఎస్‌క్యూఎల్ కలిసొచ్చే ప్యాకేజీ) వేస్తే, డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ పచ్చగా వెలుగుతోంది, పేజీలు చూపించే వెబ్ సర్వర్ అపాచీ మాత్రం 80వ పోర్టు (ప్రోగ్రాంలు నెట్‌వర్క్‌లో వాడే ద్వారం లాంటి నంబరు) ఖాళీ లేదని ఆగిపోతోంది అన్నావు. వర్డ్‌ప్రెస్ ఇంకా వెయ్యనే లేదు కదా, తప్పు దానిది కాదు. ఆ పోర్టుని ఇంకో ప్రోగ్రాం పట్టుకుంది. విండోస్‌లో చాలాసార్లు అది ఐఐఎస్ (IIS, మైక్రోసాఫ్ట్ వాళ్ళ వెబ్ సర్వర్). ఎగ్జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌స్టాట్ బటన్ నొక్కితే ఏ ప్రోగ్రామో తెలిసిపోతుంది.

దాంతో గొడవెందుకు, మనమే పక్కకి జరుగుదాం. అపాచీ పక్కనున్న కాన్ఫిగ్‌లో హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ (httpd.conf) తెరిచి, లిజన్ 80 (Listen 80) అన్నచోట 80ని 8080 చెయ్యి. సర్వర్‌నేమ్ (ServerName) లైన్లోనూ అంతే. సేవ్ చేసి మళ్ళీ స్టార్ట్ కొట్టు. ఇకమీదట బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ తర్వాత కోలన్ పెట్టి 8080 కొట్టాలి (localhost:8080), అది మర్చిపోతే, 80ని పట్టుకున్నది ఐఐఎస్ అయితే దాని పేజీయే కనిపిస్తుంది.

తర్వాతంతా సులువే. వర్డ్‌ప్రెస్ ఫోల్డర్ ఎగ్జాంప్‌లోని హెచ్‌టీడాక్స్ (htdocs) ఫోల్డర్‌లో పడెయ్యి, బ్రౌజర్లో డేటాబేస్ చూసుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్‌ (phpMyAdmin)లో డేటాబేస్ చెయ్యి. వర్డ్‌ప్రెస్ డేటాబేస్ వివరాలు అడిగితే యూజర్ రూట్ (root), పాస్‌వర్డ్ ఖాళీ. తెలుగులో రాస్తావు కాబట్టి డేటాబేస్ చేసేటప్పుడు కొలేషన్ (అక్షరాలు ఎలా దాచాలో, పోల్చాలో చెప్పే సెట్టింగ్) యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4) రకమే ఎంచుకో, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వచ్చే ప్రమాదం ఉంది.

గాలివాన రోజుల్లో మన వైజాగ్ కరెంటు సంగతి తెలిసిందేగా, హఠాత్తుగా పోతే డేటాబేస్ పాడవ్వచ్చు. పని అయ్యాక మైఎస్‌క్యూఎల్‌కి స్టాప్ కొట్టి, అప్పుడప్పుడు పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ (కాపీ) తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో.